బీఏ, ఎంఏ చదివే బిడ్డకు ఏ యూనివర్సిటీ మంచిది?



ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ అని రాసిన దరఖాస్తు చూసినప్పుడు మన దాతలకు పెద్దగా సందేహాలు రావు. ఎన్నేళ్ల కోర్సు, ఎంత ఫీజు, తర్వాత ఏ ఉద్యోగం అన్న లెక్క అందరికీ తెలుసు. అదే దరఖాస్తులో బీఏ హిస్టరీ అనో, ఎంఏ ఉర్దూ అనో, ఎంఏ ఇంగ్లీషు అనో ఉంటే రెండు ప్రశ్నలు వస్తాయి. ఈ చదువు దేనికి పనికొస్తుంది? దీనికి హైదరాబాదుకో అలీగఢ్‌కో పోవడం ఎందుకు, కర్నూల్లో చదివితే చాలదా?

రెండూ న్యాయమైన ప్రశ్నలే. సహాయం చేసే చెయ్యి తన డబ్బు ఎక్కడికి పోతుందో అడగాలి. మొదటిదానికి క్లుప్తంగా జవాబు చెప్పి, రెండోదాన్ని వివరంగా చూద్దాం. నందికొట్కూరు నుంచి ఆర్ట్స్ చదువుకు బయలుదేరే విద్యార్థి యూనివర్సిటీని ఎలా ఎంచుకోవాలి? ఆ ఎంపికలో దాతల డబ్బు ఏ నెలలో అందితే ఎక్కువ పని చేస్తుంది?

ఈ చదువు దేనికి?

టీచర్లు, లెక్చరర్లు, లాయర్లు, పత్రికల వాళ్లు, అనువాదకులు, గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్లలో చాలామంది ఈ చదువుల నుంచే వస్తారు. ఇది అందరికీ తెలిసిందే. మన జిల్లాకు ఇంకో కారణం కూడా ఉంది. 1839లో ఇంగ్లీషువాళ్లు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించేదాకా కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేది. ఆనాటి పాలనా భాష ఫార్సీ. మసీదులకు, దర్గాలకు, ఖబ్రస్తాన్లకు సంబంధించిన పాత సనదులు, ఇనాం కాగితాలు ఫార్సీలో, ఆ తర్వాతివి ఉర్దూలో ఉంటాయి. వాటిని చదివి, అర్థం తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి ఇవ్వగలవారు తరం తరానికీ తగ్గిపోతున్నారు. వక్ఫ్ భూమి తగాదా కోర్టుకెక్కిన రోజున మనకు ఇంజనీరు కంటే ముందు కావలసినవాడు ఆ కాగితం చదవగలిగినవాడు. అలాంటివాళ్లను తయారుచేసేది హిస్టరీ, పర్షియన్, ఉర్దూ, లా చదువులే.

మన ముందున్న తలుపులు

దగ్గరినుంచి దూరానికి వెళదాం.

ఇంటి దగ్గరే ఉండి చదవాలనుకునే పిల్లలకు నందికొట్కూరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. కర్నూల్లో 1947లో మొదలైన ఉస్మానియా కాలేజీ, 1972 నాటి సిల్వర్ జూబ్లీ కాలేజీ, ఆడపిల్లలకు కేవీఆర్ కాలేజీ ఉన్నాయి. పీజీకి 2008లో ఏర్పడిన రాయలసీమ యూనివర్సిటీ ఉంది. ఉర్దూ కోసం 2016లో రాష్ట్ర ప్రభుత్వం డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీని కర్నూల్లోనే పెట్టింది. ఇది ఉస్మానియా కాలేజీ వ్యవస్థాపకులైన మన కర్నూలు విద్వాంసులు అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరున వెలసింది. 'బాబా-ఎ-ఉర్దూ' మౌల్వీ అబ్దుల్ హఖ్ వేరు. ఇద్దరినీ ఒకరనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

సీమలో కొంచెం ముందుకు పోతే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (1954), అనంతపురంలో శ్రీ కృష్ణదేవరాయ యూనివర్సిటీ (1981), తిరుపతిలోనే ఆడపిల్లలకు ప్రత్యేకంగా శ్రీ పద్మావతి మహిళా యూనివర్సిటీ (1983), కడపలో యోగి వేమన యూనివర్సిటీ (2006) ఉన్నాయి. 2018లో అనంతపురంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ సెంట్రల్ యూనివర్సిటీని మనవాళ్లు తరచూ మరిచిపోతారు. మనకు అన్నిటికంటే దగ్గరున్న సెంట్రల్ యూనివర్సిటీ అదే.

హైదరాబాదులో మూడు సెంట్రల్ యూనివర్సిటీలు ఉన్నాయి. 1974లో ఏర్పడిన యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాదులో ఇంటర్ కాగానే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో చేరవచ్చు. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ వంటివి అందులో ఉన్నాయి. భాషల చదువుకు ఇఫ్లూ ఉంది. అక్కడ ఇంగ్లీషుతో పాటు అరబిక్ శాఖ కూడా ఉంది. మూడోది 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ, అంటే మానూ. అక్కడ పర్షియన్ శాఖతో పాటు హరూన్ ఖాన్ షేర్వానీ పేరున దక్కన్ అధ్యయన కేంద్రం నడుస్తోంది. పైన చెప్పిన పాత కాగితాల చదువుకు మనకు దగ్గరి చోటు అదే.

ఉస్మానియా యూనివర్సిటీ సంగతి మాత్రం మారింది. అది తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీ. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అన్న చదివాడు కదా, తమ్ముడికీ సీటు వస్తుందని ఇప్పుడు అనుకోకూడదు. సెంట్రల్ యూనివర్సిటీలకు మాత్రం ఈ గీత వర్తించదు. నందికొట్కూరు పిల్లకు, నల్గొండ పిల్లకు అక్కడ ఒకటే లెక్క.

ఉత్తరాదిలో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, ఢిల్లీలో జామియా మిల్లియా, జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ ఉన్నాయి. జామియాకు 2011లో మైనారిటీ సంస్థ హోదా వచ్చింది. అక్కడ సగం సీట్లు ముస్లిం విద్యార్థులకే.

పేరు చూడాలా, శాఖను చూడాలా?

ఇంజనీరింగ్‌లో కాలేజీ పేరు చూస్తే చాలావరకు సరిపోతుంది. ఆర్ట్స్‌లో అలా కాదు. ర్యాంకు ఎంతో చెప్పమని అడిగే తండ్రులు ఒక సంగతి తెలుసుకోవాలి. కేంద్రం 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో ఇంజనీరింగ్‌కు, మెడికల్‌కు, లాకు వేరువేరు పట్టికలున్నాయి. హిస్టరీకి గానీ సాహిత్యానికి గానీ పట్టిక లేదు. న్యాక్ ఇచ్చే గ్రేడు కూడా మొత్తం సంస్థకే. కాబట్టి పైన ఎంత మంచి గ్రేడు ఉన్నా, బిడ్డ చదవబోయే శాఖలో ఇద్దరే లెక్చరర్లు ఉండవచ్చు. గ్రేడు తక్కువున్న చోట ఆ ఒక్క శాఖ బలంగా ఉండనూవచ్చు.

అందుకే విద్యార్థి ఈ ఐదు విషయాలు కనుక్కోవాలి.

ఒకటి, ఆ శాఖలో పర్మనెంటు అధ్యాపకులు ఎందరు, ఏ ఏ విషయాలు చెబుతారు. యూనివర్సిటీ వెబ్‌సైటులో పేర్లు ఉంటాయి. మధ్యయుగ దక్కన్ చరిత్ర చదవాలనుకునే బిడ్డ, ఆ విషయం చెప్పేవారే లేని చోట చేరి లాభం లేదు.

రెండు, లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది. ఆర్ట్స్ విద్యార్థికి ల్యాబ్ అదే.

మూడు, హాస్టలు సీటు ఖాయమా, లేక సీటు వచ్చాక మళ్లీ వెయిటింగ్ లిస్టా. హాస్టలు దొరక్క బయట రూము తీసుకుంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నాలుగు, గత ఏడాది ఆ శాఖ నుంచి నెట్, జేఆర్ఎఫ్ ఎందరు సాధించారు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది. 2023 జనవరి నుంచి ఇది అమలులో ఉంది. ఇది ఇదివరకటి కంటే ఇప్పుడు ముఖ్యం. మైనారిటీ పరిశోధకులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది.

ఐదు, కోరుకున్న సబ్జెక్టు ఈ ఏడు నిజంగా నడుస్తోందా. మన రాష్ట్రంలో 2023-24లో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ కలిపి చదివేవాళ్లు. ఒకటే మేజర్ అయినప్పుడు విద్యార్థులు తక్కువున్న సబ్జెక్టు చిన్న కాలేజీల్లో నిలవడం కష్టం. పైగా రూల్స్ మారుతూ ఉంటాయి. బ్రోషరు నమ్మక, కాలేజీకి వెళ్లి అడగాలి.

భాష సంగతి ముందే చూసుకోవాలి

మానూలో బోధన ఉర్దూలో. అక్కడ చేరాలంటే టెన్త్‌లోనో ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉర్దూ ఒక సబ్జెక్టుగానైనా చదివి ఉండాలి, లేదా గుర్తింపు ఉన్న మదరసా సర్టిఫికెట్ ఉండాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడితే సరిపోదు. మన పిల్లల్లో చాలామంది తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి, సెకండ్ లాంగ్వేజి హిందీ తీసుకుంటారు. ఇంటర్ అయ్యాక మానూ అనుకుంటే అప్పటికి తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఈ ఎంపిక నిజానికి తొమ్మిదో తరగతిలో జరుగుతుంది. ఆ వయసు పిల్లల తల్లిదండ్రులకు ఈ మాట చేరవేస్తే అదే పెద్ద సహాయం.

మదరసాలో ఆలిమ్, ఫాజిల్ చేసిన పిల్లలకు కూడా మానూ, అలీగఢ్, జామియాల్లో దారి ఉంది. ఏ మదరసా సర్టిఫికెట్‌ను దేనికి సమానంగా చూస్తారో ఆయా యూనివర్సిటీలు జాబితా ఇస్తాయి. చేరకముందే ఆ జాబితాలో తమ మదరసా పేరు వెతుక్కోవాలి.

మిగిలిన సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లు ఎక్కువభాగం సీయూఈటీ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. 2022లో మొదలైన ఈ పరీక్షను తెలుగు, ఉర్దూలతో సహా 13 భాషల్లో రాయవచ్చు. తెలుగు మీడియం బిడ్డ భయపడాల్సిన పని లేదు. అయితే సబ్జెక్టు ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాల నుంచి వస్తాయి. అలీగఢ్, జామియాలు చాలా కోర్సులకు సొంత పరీక్షలు పెట్టుకుంటాయి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎంఏకు 2021 నుంచి పీజీసెట్ అనే ఒకే పరీక్ష ఉంది. అందులో మన జిల్లా విద్యార్థులు సీమ, నెల్లూరు యూనివర్సిటీల పరిధికి లోకల్ అవుతారు.

బీసీ-ఇ సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుంది?

ఏటా చాలామంది తడబడేది ఇక్కడే. 2007 చట్టం ప్రకారం రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు ఉన్న 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ రాష్ట్ర కాలేజీల్లో, రాష్ట్ర యూనివర్సిటీల్లో పనిచేస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీలు చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్ కుటుంబాలు ఆ జాబితాలో ఉన్నాయి. వాళ్లు కేంద్రం నమూనాలో, క్రీమీలేయర్ కాదని తెలిపే ఓబీసీ సర్టిఫికెట్ తీసుకోవాలి. రాష్ట్ర సర్టిఫికెట్ జిరాక్సు అక్కడ పనికిరాదు.

చేతిలో బీసీ-ఇ ఉన్నంతమాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ దారి చూడాలి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, పొలం 5 ఎకరాల లోపు ఉండి, ఇంటికి, స్థలానికి పెట్టిన పరిమితులు దాటకుంటే తహసీల్దారు ఈ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఆర్థిక సంవత్సరానికి మాత్రమే చెల్లుతుంది. మార్చి దాటితే మళ్లీ కొత్తది తీసుకోవాలి. తప్పు కేటగిరీ టిక్కు పెట్టి, కౌన్సెలింగ్ రోజున సర్టిఫికెట్ చూపలేక సీటు పోగొట్టుకోవడం కంటే బాధ ఇంకోటి లేదు.

పేర్ల సంగతీ ఇంతే. టెన్త్ మెమోలో 'షేక్' అని ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో 'ఎస్' అని పొడి అక్షరం. ఒకచోట 'మహబూబ్ బాషా', ఇంకోచోట 'మాబాషా'. మన ఇళ్లలో ఇది మామూలు. ఆన్‌లైన్ దరఖాస్తు మాత్రం దీన్ని మామూలుగా తీసుకోదు. ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే ఆధార్‌ను టెన్త్ మెమోకు సరిపోయేలా దిద్దించుకోవాలి.

ఫీజు వేరు, ఖర్చు వేరు

సెంట్రల్ యూనివర్సిటీలో ఆర్ట్స్ కోర్సు ఫీజు సాధారణంగా తక్కువే. అది చూసి దాతలు, ఇంత చిన్న ఫీజు కుటుంబమే కట్టుకోగలదు కదా అనుకుంటారు. అసలు బరువు మెస్ బిల్లు. ఒక లెక్క కోసం నెలకు 3,500 రూపాయలు అనుకుందాం. పది నెలలకు 35,000 అవుతుంది. దానికి రానుపోను చార్జీలు, పుస్తకాలు, హాస్టలు డిపాజిట్టు కలపండి. కర్నూలుకు రోజూ బస్సులో పోయివచ్చే విద్యార్థికి ఈ ఖర్చులు లేవు. కానీ రోజుకు రెండు మూడు గంటలు బస్సులోనూ బస్టాండులోనూ పోతాయి. రెండూ లెక్కలోకి రావాలి.

అందుకే దరఖాస్తు పరిశీలించేటప్పుడు 'ఫీజు ఎంత' అన్న ఒక్క గడి చాలదు. మూడేళ్లకో ఐదేళ్లకో మొత్తం ఎంత, అందులో ప్రభుత్వం నుంచి ఎంత రావచ్చు, ఎప్పుడు వస్తుంది, కుటుంబం ఎంత పెట్టగలదు, మిగిలింది ఎంత అన్నవి రాయించాలి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ మధ్య నెలలు గడిచేది ఎలా అని కూడా అడగాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. భయంతో ముందు దొరికిన కాలేజీలో డబ్బు కట్టేస్తారు. తర్వాత మంచి చోట సీటు వస్తే, కట్టింది పోతుందని ఆగిపోతారు. 2018లో యూజీసీ ఇచ్చిన ఫీజు వాపసు నిబంధనల ప్రకారం, ప్రకటించిన చివరి ప్రవేశ తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే ఫీజు దాదాపు మొత్తం వాపసు ఇవ్వాలి. ఆ 15 రోజుల లోపల మానుకుంటే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు. చూసి తిరిగి ఇచ్చేయాలి. ఈ నాలుగు ముక్కలు తెలిసిన పెద్దమనిషి ఒకరు విద్యార్థి వెంట వెళ్తే చాలాసార్లు పని జరుగుతుంది.

యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా ప్రకటిస్తుంది. పేరు ఎంత గొప్పగా ఉన్నా, చెక్కు రాసే ముందు ఆ జాబితా చూడాలి. దూరవిద్య అయితే ఆ కోర్సుకు ఆ ఏడాది యూజీసీ అనుమతి ఉందో లేదో చూడాలి. ఇంటి బాధ్యతల వల్ల కదలలేని పిల్లలకు ఇగ్నో, మానూ దూరవిద్య మంచి దారులే.

ఆడపిల్లల విషయం

అమ్మాయిని దూరం పంపడానికి వెనకాడే తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల భయానికి జవాబు సమాచారమే. హాస్టలు క్యాంపస్ లోపలే ఉందా, రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు, వార్డెన్ నంబరు ఏది, మన ప్రాంతం అమ్మాయిలు అక్కడ ఎవరైనా చదువుతున్నారా అన్నవి తేలితే సగం అభ్యంతరాలు తగ్గుతాయి. కర్నూలు కేవీఆర్‌లో డిగ్రీ చేసి, ఎంఏకు తిరుపతి మహిళా యూనివర్సిటీకో హైదరాబాదుకో వెళ్లడం చాలా ఇళ్లకు కుదిరే మెట్ల దారి. అలీగఢ్‌లో 1906లో చిన్న బడిగా మొదలైన ఆడపిల్లల చదువే ఈరోజు అక్కడి విమెన్స్ కాలేజీ. అప్పటి తల్లిదండ్రులకూ ఇవే భయాలు ఉండేవి.

మొదటిసారి తండ్రినో తల్లినో కూడా తోడు పంపి క్యాంపస్ చూపించడానికి అయ్యే రెండు టికెట్ల డబ్బు, ఒక్కోసారి ఏడాది ఫీజు కంటే ఎక్కువ పని చేస్తుంది.

డబ్బు ఎప్పుడు అందాలి?

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మన సహాయం చాలావరకు జూన్, జూలై నెలల్లో, అడ్మిషన్ కాగితం చూశాక ఇస్తాం. ఇంజనీరింగ్ విద్యార్థికి అది సరిపోతుంది. యూనివర్సిటీ ఎంచుకునే ఆర్ట్స్ విద్యార్థికి అప్పటికే ఆలస్యం. ఏ పరీక్ష రాస్తాడన్నది అంతకు నాలుగైదు నెలల ముందే తేలిపోతుంది. దరఖాస్తే పెట్టని యూనివర్సిటీలో సీటు రాదు కదా.

2025లో సీయూఈటీ డిగ్రీ పరీక్షకు మూడు సబ్జెక్టుల వరకు దరఖాస్తు ఫీజు జనరల్‌కు 1,000 రూపాయలు, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు 900. దీనికి అలీగఢ్, జామియా ఫారాలు వేరే. పరీక్షా కేంద్రానికి ప్రయాణం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, సర్టిఫికెట్ల ఖర్చు కలిపినా మొత్తం కొన్ని వేలు దాటదు. ఆటో నడిపే తండ్రికి, బీడీలు చుట్టే తల్లికి ఆ నెలలో ఆ కొన్ని వేలే కొండ. అవి లేకపోవడం వల్ల మంచి మార్కులున్న బిడ్డ కూడా, ఎక్కడ ఫారం ఉచితంగా నింపారో అక్కడే చేరిపోతుంది. దాన్ని ఎంపిక అనలేం.

2025లో ఆ దరఖాస్తులు తీసుకున్నది మార్చిలో. ఆ ఏడాది రంజాన్ కూడా మార్చిలోనే వచ్చింది. తేదీలు ఏటా కొంచెం అటూఇటూ జరిగినా, ఇప్పుడు కొన్నేళ్లపాటు రంజాన్, దరఖాస్తుల కాలం దగ్గరదగ్గరగానే ఉంటాయి. అంటే జకాత్, సదఖా డబ్బు సొసైటీకి అందే రోజుల్లోనే ఆ బిడ్డకు అవసరం పడుతుంది. అందులో చిన్న భాగాన్ని జూన్ దాకా దాచకుండా అప్పుడే ఖర్చు పెట్టగలిగితే చాలు. ఏది జకాత్ నుంచి ఇవ్వవచ్చు, ఏది సదఖా నుంచి ఇవ్వాలి, విద్యార్థి చేతికే ఇవ్వాలా అన్నవి మన ఉలమాలను అడిగి ముందే తేల్చుకోవాలి.

దాతలకు మూడు మనవులు. డిసెంబరులో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలను పిలిచి సర్టిఫికెట్లు, పేర్లు సరిచూసే ఒక రోజు పెట్టడానికి చెయ్యి కలపండి. దరఖాస్తుల కాలంలో ప్రతి ఆర్ట్స్ విద్యార్థికీ కనీసం మూడు ఫారాల ఖర్చు భరించండి: ఒకటి కర్నూల్లో, ఒకటి సీమలో, ఒకటి సెంట్రల్ యూనివర్సిటీలో. మీ బంధువుల్లో ఈ యూనివర్సిటీల్లో చదివినవారు, చదువుతున్నవారు ఉంటే వాళ్లను ఒక్క ఆదివారం మన పిల్లలతో మాట్లాడించండి. డబ్బు ఇవ్వలేనివారు కూడా చేయగల సహాయం ఇది.

కర్నూల్లో చదివితే చాలదా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. కొందరికి చాలు. కోరుకున్న సబ్జెక్టు, చెప్పే గురువు అక్కడే ఉంటే అంతకంటే మేలు లేదు. కొందరికి చాలదు. ఆ తేడా బిడ్డ చదువును బట్టి తేలాలి గానీ, మార్చి నెలలో ఇంట్లో వెయ్యి రూపాయలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి కాదు.